పేరు నిఘంటువులోదా, ఊళ్లోదా?

ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ తల్లి జాతరలో నిలబడి "ఒరే మరిడయ్యా!" అని ఓ కేక వేస్తే నలుగురైనా వెనక్కి తిరుగుతారు. "లోవరాజూ!" అన్నా తిరిగేవాళ్లుంటారు. తుని దగ్గర లోవలో వెలసిన తలుపులమ్మ తల్లికి మొక్కుకుని పెట్టిన పేరది. ఇక సత్తిబాబుల సంగతి చెప్పక్కర్లేదు, అన్నవరం సత్యదేవుడు పక్కనే ఉన్నాడు. కథలో "లోవరాజు వచ్చాడు" అని రాస్తే చాలు, ఊరి పేరు చెప్పకపోయినా ఈ ప్రాంతం పాఠకుడికి అతనెక్కడివాడో తెలిసిపోతుంది.

పాత్రకి పేరు పెట్టేటప్పుడు అర్థం చూడాలా, చెవికి ఎలా వినిపిస్తుందో చూడాలా అన్నది రాసేవాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్నే. అర్థం చూసి పెట్టడానికి మనకి శాస్త్రమే ఉంది. వర్తకుల పేర్లకు 'దత్త', వేశ్యల పేర్లకు 'దత్త', 'మిత్ర', 'సేన' చివర రావాలనీ, దాసీలకు పూల పేర్లు పెట్టాలనీ నాట్యశాస్త్రం చెప్పింది. మృచ్ఛకటికంలో వసంతసేన పేరు వినగానే ప్రేక్షకుడికి ఆమె వృత్తి తెలిసిపోయేది. మన పింగళి సూరన కూడా కళాపూర్ణోదయంలో కలభాషిణి, మధురలాలస అంటూ గుణాన్నే పేరు చేశాడు.

ఈ రెండు దారుల్నీ ఒకేచోట చూడాలంటే గురజాడ కన్యాశుల్కం తెరవాలి. 1897లో అచ్చయి, 1909లో బాగా మారి మళ్లీ వచ్చిన నాటకం అది. డబ్బు పిచ్చి ఉన్న ముసలాయన లుబ్ధావధాన్లు. ముక్కు మీద కోపం ఉన్న పెద్దమనిషి అగ్నిహోత్రావధాన్లు. మగపిల్లాడికి ఆడవేషం వేసి పెళ్లికూతురుగా అమ్మిన జిత్తులమారికి పంచతంత్రంలోని నక్క కరటకుడి పేరు, కరటక శాస్త్రి. ఇవన్నీ అర్థం చూసి పెట్టినవే. అయినా కృతకంగా వినిపించవు. 'అవధాన్లు', 'శాస్త్రి' అనేవి ఆనాటి అగ్రహారాల్లో రోజూ వినిపించే మాటలు కావడంతో, ముందున్న ఎగతాళి వాటి చాటున దాక్కుంటుంది. గురజాడ తోక ఊళ్లోంచి తెచ్చి, తల నిఘంటువులోంచి తెచ్చాడు.

మరి గిరీశం? అది శివుడి పేరు. అతని కోతలకీ, చుట్టలకీ, అప్పులకీ శివుడితో ఏ సంబంధమూ లేదు. కానీ అయ్యలూ అవధాన్లూ పంతుళ్లూ తిరిగే ఆ లోకంలో ఏ తోకా లేకుండా టక్కున పలికే ఆ మూడక్షరాలు కొత్త ఇంగ్లీషు చదువు షోకుకి సరిగ్గా సరిపోయాయి. అందరిలోనూ మంచివాడైన సౌజన్యారావు పంతులు పేరు మాత్రం పూర్తిగా అర్థం వైపు మొగ్గింది. నా మటుక్కి ఆ పాత్ర మనిషిలా కన్నా ఆదర్శంలా కనిపించడానికి ఆ పేరూ కొంత కారణం.

ఇంకో సంగతి. అదే నాటకంలో అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో తల్లి వెంకమ్మ, కొడుకు వెంకటేశం. రెండు పేర్లూ ఒకే అక్షరంతో మొదలైతే పాఠకుడు తికమకపడతాడని రాసేవాళ్లకి చెబుతుంటారు. ఇక్కడ ఆ పోలికే ఒక ఇంటి ఇలవేల్పుని చెప్పకనే చెబుతుంది.

గోదావరి జిల్లాల హాస్యం చెవినే ఎక్కువ నమ్ముకుంది. మొగల్తూరు కుర్రాణ్ణి ఇంగ్లండు పంపిన మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టరు' పక్కన 'పార్వతీశం' పెట్టాడు. సీమ కోర్టూ పల్లెటూరి శివాలయమూ ఒకే ఊపిరిలో పలకాల్సి రావడంలోనే సగం నవ్వు ఉంది. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ, అమ్మవారి పేరైన జ్ఞానప్రసూనాంబను పసివాడి నాలుక మీద 'సీగాన పెసూనాంబ' చేశాడు. అర్థం చెదిరింది, పిల్ల మాత్రం కళ్లముందు నిలబడింది.

బయట దేశాల్లోనూ ఇదే తంతు. షెర్లాక్ హోమ్స్ కథలు మొదలుపెట్టేటప్పుడు కోనన్ డాయిల్ వేసుకున్న చిత్తులో డిటెక్టివ్ పేరు షెరిన్‌ఫర్డ్, అతని స్నేహితుడి పేరు ఆర్మండ్ శాకర్. ఆ స్నేహితుడే తర్వాత జాన్ వాట్సన్ అయ్యాడు. వింత మనిషి పక్కన కథ చెప్పేవాడికి మామూలు పేరే ఉండాలని డాయిల్ చెవి చెప్పి ఉండాలి. మన దగ్గరా అంతే, పెద్దాపురంలో పుట్టిన అంజనీకుమారిని సినిమాకి అంజలీదేవిగా మార్చింది దర్శకుడు సి. పుల్లయ్య. నటి పేరైనా పాత్ర పేరైనా పోస్టరు మీద, జనం నోట్లో తేలిగ్గా ఒదగాలి.

చెవికి నచ్చడం అంటే చాలామంది తోచింది పెట్టడం అనుకుంటారు. పెంటయ్య పేరు చూడండి. నిఘంటువు తీస్తే అది తిట్టు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతున్న ఇంట్లో, ఈ ఒక్కడైనా మృత్యువు కంటపడకూడదని బిడ్డని పెంటకుప్ప మీద ఓసారి పడుకోబెట్టి పెట్టిన పేరది. ఆ తల్లి భయం తెలిసిన రచయితకే ఆ పేరు ఎక్కడ వాడాలో తెలుస్తుంది. చెవి అనేది అలా ఊరినీ తరాన్నీ ఆచారాన్నీ విని విని పోగేసుకున్న జ్ఞానం.

అందుకే పేరు పెట్టాక దాన్ని పిలిచి చూడాలి. అమ్మ ఎలా పిలుస్తుంది, అప్పులవాడు ఎలా పిలుస్తాడు, స్కూలు రిజిస్టర్‌లో ఎలా ఉంటుంది? సత్యనారాయణమూర్తి, సత్తిబాబు, సత్తిగాడు ఒకే మనిషి. ఎవరి నోట ఏది వస్తుందో తేల్చుకుంటే ఆ మనిషికి ఎవరితో ఎంత చనువుందో వేరే వాక్యం రాయక్కర్లేదు.

ఇవాళ పుట్టే పిల్లల పేర్లు పెద్దాపురంలోనూ హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఒకటే. ఆద్య అన్న పేరు చూసి ఊరు పోల్చుకోలేం. కానీ గోదావరి ఇళ్లలో అమ్మాజీ, బాబ్జీ, అబ్బులు, బుల్లెమ్మ అన్న పిలుపులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. ఆద్యని రాసే రచయిత ఆ పేరు అర్థాన్ని వెతకనక్కర్లేదు. వాళ్ల నాయనమ్మ ఆమెని ఏమని పిలుస్తుందో కనుక్కుంటే చాలు.