ఓవల్ మైదానం పక్కన పాత ఫ్లాట్

ముంబయి ఓవల్ మైదానానికి తూర్పున హైకోర్టు, విశ్వవిద్యాలయం, రాజాబాయి టవర్ గోథిక్ శైలిలో నిలిచి ఉంటే, పడమటి వైపు 1930ల నుంచి లేచిన ఆర్ట్ డెకో ఫ్లాట్ల వరస ఉంది. బ్యాక్‌బే సముద్రాన్ని పూడ్చగా తేలిన నేల మీదే ఆ వరస, దానికి అవతల మెరైన్ డ్రైవ్ వెలిశాయి. ఈ రెండు శైలుల సముదాయాన్ని యునెస్కో 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో 94 భవనాలున్నాయి. ఇలాంటి చోట విశాలమైన ఫ్లాట్ అమ్మకానికి వస్తే చూపు ముందు మైదానం మీదికే పోతుంది. పరిశీలన మాత్రం కట్టడంతో మొదలవాలి.

ఈ ఫ్లాట్లు లేచింది ఆర్‌సీసీ (ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటు) కట్టుబడి నగరంలో వేళ్లూనుకున్న కాలంలో. బరువును స్తంభాలు, దూలాలు మోయడంతో గోడలకు ఆ భారం తప్పింది. గదుల మూలల్లో కూడా కిటికీలు పెట్టడానికి, బాల్కనీలను గుండ్రంగా తిప్పడానికి వీలు కుదిరింది. కిటికీల మీద ముందుకు చాచిన సన్‌షేడ్లు ఎండనూ వాననూ ఆపుతాయి. ఎదురెదురు కిటికీలు, ఎత్తైన పైకప్పు వల్ల సముద్రపు గాలి ఇంట్లో ధారాళంగా ఆడుతుంది. పక్కపక్క భవనాలు దాదాపు ఒకే ఎత్తులో ఉండటంతో ఒకదాని వెలుతురుకు మరొకటి అడ్డం రాదు. ఇంటి విశాలతను చదరపు అడుగులతో పాటు ఈ గాలీ వెలుతురుతోనూ కొలవాలి.

ఆ సముద్రపు గాలే కట్టడానికి శత్రువు. అందులోని ఉప్పు, తేమ కాంక్రీటులోకి దిగి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. బాల్కనీ అడుగు భాగం, సన్‌షేడ్ల అంచులు, స్నానాల గదుల పైకప్పు ముందుగా దెబ్బతింటాయి. కొత్త రంగు పగుళ్లను కప్పుతుంది గానీ తుప్పును ఆపదు. ముప్పై ఏళ్లు దాటిన భవనాలకు ముంబయిలో స్ట్రక్చరల్ ఆడిట్ తప్పనిసరి. ఆ నివేదిక చదవకుండా బయానా ఇవ్వకూడదు.

తరువాతది హక్కు. పాత ముంబయిలో ఫ్లాటులో నివసించే వారంతా యజమానులు కారు. సహకార సంఘంలో కొనేవారికి షేర్ సర్టిఫికెట్, ఫ్లాటు అనుభవించే హక్కు వస్తాయి. పగిడీ పద్ధతిలో పెద్ద మొత్తం చెల్లించినా దక్కేది అద్దెదారు హక్కే. చేతులు మారాలంటే భవన యజమాని సమ్మతి కావాలి, ఆయనకూ వాటా ముట్టాలి. ఈ రెండింటికీ ఒకే ధర కట్టడం పొరపాటు. భవనం లీజు భూమి మీద ఉంటే గడువు ఎంత మిగిలింది, బదిలీకి ఎవరి అనుమతి అవసరం అన్నవి కూడా తేల్చుకోవాలి. పాత ఒప్పందాల గొలుసులో ఒక్క లంకె తెగినా, వారసుల్లో ఒక్క సంతకం లోపించినా వ్యవహారం కోర్టుకెక్కుతుంది.

చివరిది కట్టుబాటు. ముంబయిలో వారసత్వ కట్టడాల నిబంధనలు 1995 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి పరిధిలోని భవనాల వెలుపలి రూపాన్ని యజమాని తన ఇష్టప్రకారం మార్చడానికి లేదు. బాల్కనీని అద్దాలతో మూయడం, కిటికీ చట్రాలు మార్చడం, ముందు గోడకు ఏసీ పెట్టెలు బిగించడం ఒక్కొక్కటీ చిన్న పనిలాగే కనిపిస్తాయి. అంతస్తుకొకరు చేస్తే వీధి ముఖమే మారిపోతుంది. ఈ నియమాలను కొందరు ఆటంకమనుకుంటారు. నిజానికి ఆ ఫ్లాటు విలువను నిలబెడుతున్నవి అవే.

కాబట్టి అడిగిన ధరకు మరమ్మతు ఖర్చు, సంఘం వసూలు చేసే రిపేరు నిధి కలుపుకొని లెక్క వేయాలి. ఉన్న రూపాన్ని ఉన్నట్టే కాపాడటానికి మనసు, స్తోమత రెండూ ఉన్నవారే ఇక్కడ ఇల్లు కొనాలి. తనకు నచ్చినట్టు మార్చుకోవాలనుకునేవారికి నగరంలో కొత్త ఫ్లాట్లకు కొదవలేదు.