0.6 టీఎంసీ ఎన్ని ఎకరాలకు పారుతుంది?

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో గోదావరి మీద కట్టిన బాబ్లీ బ్యారేజీకి 14 గేట్లు. ఏటా జూలై 1న వాటిని ఎత్తుతారు, అక్టోబర్ 28 దాటాక దించుతారు. మార్చి 1న 0.6 టీఎంసీల నీటిని దిగువన ఉన్న శ్రీరాంసాగర్ వైపు వదులుతారు. 2.74 టీఎంసీల ఈ బ్యారేజీకి ఆ తేదీలను 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు ప్రాంతాల్లో తెలుగు, మరాఠీ రెండూ వింటూ పెరిగే పిల్లలకు ఈ బ్యారేజీ మీద ఎగువ, దిగువ రాష్ట్రాల మధ్య నడిచే నీటి గొడవ కొత్తేమీ కాదు. అయినా ఆ 0.6 టీఎంసీ ఎన్ని ఎకరాలకు పారుతుందో లెక్కల పీరియడ్‌లో అడిగేవారు అరుదు. ఇలాంటి ప్రశ్నను ఏడాదికోసారి ముచ్చటకు కాకుండా, గుణకార భాగహారాలంత శ్రద్ధగా బడిలో నేర్పాలి. ఎదురుగా ఉన్న పరిస్థితిని లెక్కగా మలచడాన్నే గణిత నమూనా కట్టడం అంటారు. లెక్కలు చేయడం వచ్చినంత మాత్రాన ఈ విద్య దానంతటదే అబ్బదని నాలుగు దశాబ్దాల పరిశోధన చెబుతోంది.

1980ల తొలినాళ్లలో అమెరికా జాతీయ పరీక్షలో పదమూడేళ్ల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. బస్సుకు 36 మంది చొప్పున 1,128 మంది సైనికులను తరలించడానికి ఎన్ని బస్సులు కావాలి? దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. కానీ 32 బస్సులని చెప్పింది 23 శాతమే. 29 శాతం మంది ‘31, శేషం 12’ అని రాసి ఊరుకున్నారు. మిగిలిన పన్నెండు మంది ఎలా వెళ్తారన్నది వాళ్లకు లెక్కలో భాగంగా తోచలేదు. దీనికి రెండో వైపు బ్రెజిల్‌లోని రెసీఫేలో కనిపించింది. వీధిలో సరుకులమ్మే పిల్లలు బేరం దగ్గర 98 శాతం లెక్కలు సరిగ్గా చేశారు, అవే లెక్కలను బడి పద్ధతిలో ఇస్తే 37 శాతం దగ్గర ఆగిపోయారని 1985లో పరిశోధకులు నూనెస్, కారహేర్, ష్లీమాన్ చూపారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో చేసి 2025లో ప్రచురించిన అధ్యయనంలోనూ అదే తేలింది. బజారు లెక్క బడికి రావడం లేదు, బడి లెక్క బజారుకు పోవడం లేదు. ఒకటి నేర్పితే రెండోది వస్తుందనే నమ్మకానికి ఆధారం లేదు.

మరి నేర్పడం ఎలా? జర్మనీకి చెందిన వెర్నర్ బ్లూమ్, డొమినిక్ లైస్ ఈ పనిని ఏడు మెట్లుగా విడదీశారు: పరిస్థితిని అర్థం చేసుకోవడం, అక్కర్లేనివి వదిలి సరళం చేయడం, గణితంలోకి మార్చడం, లెక్క చేయడం, వచ్చిన జవాబుకు అర్థం చెప్పుకోవడం, అది నమ్మదగిందో లేదో సరిచూడడం, నలుగురికీ వివరించడం. బాబ్లీ ప్రశ్ననే తీసుకుందాం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, కాబట్టి 0.6 అంటే 60 కోట్లు. ఎకరం 43,560 చదరపు అడుగులు. పొలంలో అడుగు లోతు నీరు చొప్పున భాగిస్తే సుమారు 13,770 ఎకరాలు. మామూలు పాఠమైతే ఇక్కడితో ముగుస్తుంది, నమూనా ఇక్కడే మొదలవుతుంది. పంటకాలమంతటికీ వరికి నాలుగడుగుల నీరు కావాలనుకుంటే విస్తీర్ణం దాదాపు 3,440 ఎకరాలకు పడిపోతుంది. ఆరుతడి పంటకు రెండడుగులు చాలనుకుంటే 6,890 దాకా వస్తుంది. మార్చి ఎండకు ఆవిరై, ఇసుకలో ఇంకి మూడో వంతు పోతుందనుకుంటే అదీ 4,590కి దిగుతుంది. చివరగా సరిచూడడం. టీఎంసీకి పదివేల ఎకరాలన్నది తెలంగాణలో తరచూ వినిపించే మోటు లెక్క. దాని ప్రకారం 6,000 ఎకరాలు రావాలి. తిరగేసి చూస్తే ఆ మాట వెనక ఎకరానికి 2.3 అడుగుల నీరన్న ఊహ బయటపడుతుంది. అంత నీటితో వరి పండుతుందా, నష్టాలు అందులో కలిశాయా అన్నవి పిల్లలు రైతులనో ఇంజినీర్లనో అడిగి తెలుసుకోవలసిన సంగతులు.

ఇందులో కొత్తేముంది, మన లెక్కల పుస్తకాల్లో జీవితం ఎప్పుడూ ఉందిగా అనవచ్చు. నిజమే. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో కూర్చిన గణితాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆనాటి నుంచీ వర్తకం, బంగారం, వడ్డీ మన లెక్కల్లో ఉన్నాయి. అయితే అలాంటి లెక్కలో కావలసిన అంకెలన్నీ ముందే ఉంటాయి, అక్కర్లేనిది ఒక్కటీ ఉండదు. ఏది లెక్కలోకి తీసుకోవాలో, ఏది వదలాలో తేల్చుకునే పని పుస్తకమే చేసిపెడుతుంది. నమూనా పాఠంలో ఆ భారం పిల్లల మీద పడుతుంది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. కూడికలు, తీసివేతలే తడబడే తరగతిలో, పరీక్షలు నెత్తిమీద ఉండగా, దీనికి తీరికెక్కడిది? బ్లూమ్ బృందం జర్మనీలో రెండు బోధనా పద్ధతులను పోల్చి చూసింది. ఒకదానిలో ఉపాధ్యాయుడే దారి చూపి చేయిస్తాడు. రెండోదానిలో పిల్లలు గుంపులుగా తామే పట్టుకుంటారు, ఆగిపోయినచోట మాత్రం ఆయన చిన్న ఊతమిస్తాడు. మామూలు లెక్కల నైపుణ్యం రెండు చోట్లా ఒకేలా పెరిగింది. నమూనా కట్టే నేర్పు రెండోచోటే పెరిగింది. అంటే ఈ పాఠానికి వెచ్చించిన సమయం పునాదిని తినేయలేదు. అలాగని పిల్లలను వాళ్ల మానాన వదిలేస్తే చాలదు, ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు ఊరుకోవాలో తెలిసిన ఉపాధ్యాయుడు కావాలి. శిక్షణ లేకుండా అది రాదు, అసలు ఖర్చు అక్కడే ఉంది.

ఒకే జవాబు లేని ప్రశ్నకు మార్కులెలా వేస్తారన్నది చివరి సందేహం. ఊహలను విప్పి చెప్పినందుకు, వాటి మీద లెక్క తప్పకుండా నడిపినందుకు, ఫలితాన్ని సరిచూసినందుకు వేర్వేరుగా మార్కులు వేయవచ్చు. 3,440 రాసిన పిల్ల, 6,890 రాసిన పిల్లవాడు ఇద్దరూ పూర్తి మార్కులకు తగినవాళ్లే కావచ్చు. బిడ్డ ఆలోచనను గణితమయం చేయడమే లక్ష్యమని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. పరీక్షలో ఇలాంటి ప్రశ్న ఒక్కటైనా లేనంతకాలం ఆ మాట కాగితం దాటదు. నీటి పంచాయితీలో రెండు రాష్ట్రాల నాయకులూ అంకెలే వల్లిస్తారు. ఆ అంకె విన్న పౌరుడు ‘ఏ పంటకు, ఎంత నష్టం పోను?’ అని అడగగలిగితేనే బడిలో చెప్పిన లెక్కలకు ఫలితం దక్కినట్టు.