స్కేటు పూర్తయ్యేది దుకాణంలోనే

టొరంటో చుట్టుపక్కల ఏ హాకీ దుకాణంలో అడుగుపెట్టినా మొదట కంటికి ఆనేవి గోడ పొడవునా నిలబెట్టిన కర్రలు, వరసగా పేర్చిన హెల్మెట్లు. పనితనం చూడాలనుకున్నవాళ్లు వాటిని దాటి వెనక్కి వెళ్లాలి. అక్కడ ఒక పొట్టి బల్ల, పాదం కొలిచే లోహపు పలక, చిన్న ఓవెన్, ఆ పక్కన సానచక్రం ఉంటాయి. ఐస్ హాకీ ఆడేవాళ్లు తల నుంచి కాలి దాకా ఎన్నో తొడుక్కుంటారు గానీ, ఆ వెనక గది అసలు ఉన్నది స్కేటు కోసం. ఫ్యాక్టరీ నుంచి పెట్టెలో వచ్చేది సగం స్కేటే. మిగతా సగం ఆ బల్ల దగ్గర, తొడుక్కోబోయే మనిషి పాదం మీద తయారవుతుంది.

పెద్దవయసులో ఆట మొదలుపెట్టేవాళ్లకు ఈ రెండో సగం మరీ ముఖ్యం. కెనడాలో సాయంత్రాలన్నీ పిల్లల జట్లకు పోగా, చాలా రింకులు రాత్రి పొద్దుపోయాక పెద్దవాళ్ల చేతికి వస్తాయి. బీర్ లీగ్ అని అక్కడివాళ్లు ముద్దుగా పిలుచుకునే ఆటలవి. పగలంతా ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు ఆడతారు. మిసిసాగాలోనో బ్రాంప్టన్‌లోనో కూతుర్ని శిక్షణకు దింపి, అద్దం వెనక నిలబడి చూసీ చూసీ మనసు పుట్టిన తెలుగు తండ్రికైనా తల్లికైనా దారి అదే. పిల్లల పాదం పెరుగుతుంది, ఆ వెంటే స్కేట్లూ మారతాయి. నలభై ఏళ్ల పాదం తన రూపం తాను తెచ్చుకుని స్థిరపడి ఉంటుంది. ఒకటి రెండోదానికన్నా కాస్త పొడవు కావచ్చు, బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చి ఉండవచ్చు, అరికాలి వంపు కుంగి ఉండవచ్చు. ఏ ఫ్యాక్టరీ అచ్చూ ఆ ఒక్క పాదాన్ని తలచుకుని పోసింది కాదు.

ఈనాటి హాకీ స్కేటు పూర్వీకుల్లో ఒక బూట్లు కుట్టే పనివాడు ఉన్నాడు. మానిటోబాలోని బ్రాండన్ పట్టణంలో ఉండే జార్జ్ టాకబెరీ, 1905 ప్రాంతంలో, తన ఇరుగుపొరుగు ఆటగాడు జో హాల్ కోసం ఒక జత కుట్టాడు. హాల్ ఆటకు మామూలు బూట్లు ఆగేవి కావు. టాకబెరీ వేళ్ల దగ్గరా మడమ దగ్గరా గట్టిదనం పెంచి, అంత తేలిగ్గా సాగిపోని కంగారూ తోలు వాడాడు. ఆ బూటు పేరు ఆటగాళ్ల నోట పాకిపోయింది. టాకబెరీ పోయాక, 1937లో, హాకీ సామగ్రి చేసే సీసీఎం కంపెనీ ఆ బూటు హక్కులు కొనుక్కుంది. టాక్స్ అన్న పేరు నేటికీ ఆ కంపెనీ స్కేట్ల మీద కనిపిస్తుంది. మరోవైపు ఒంటారియోలోని కిచెనర్‌లో 1927లో బావర్ కుటుంబం బూటునూ బ్లేడునూ విడదీయకుండా ఒకటిగా బిగించి అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడు తోలు స్థానంలో కార్బన్ పోగులతో చేసిన గట్టి డొప్పలు వచ్చాయి. అయినా టాకబెరీ చేసిన పని, అంటే ఎదురుగా కూర్చున్న మనిషి పాదాన్ని చూసి బూటును దిద్దడం, యంత్రాల చేతికి పూర్తిగా పోలేదు.

మంచి పనివాడు ముందు మేజోడు విప్పమంటాడు. కూర్చున్నప్పుడు పాదం ఎంత ఉంది, బరువు మోపి నిలబడితే ఎంత పరుచుకుంది, రెండూ చూస్తాడు. పొడవు ఒక్కటే సరిపోదు. మడమ సన్ననా, మునివేళ్ల దగ్గర వెడల్పా, పాదం పైభాగం ఎత్తా అన్నవి కలిపి లెక్క. అందుకే బావర్ తన స్కేట్లను ఫిట్ 1, 2, 3 అని మూడు ఆకృతుల్లో చేస్తుంది. సీసీఎం టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అంటుంది. పాదాన్ని చూసి, ఎంతో ఆశపడి చేతిలోకి తీసుకున్న జతను పక్కన పెట్టించి వేరే ఆకృతి తెచ్చిచ్చే పనివాణ్ని నేను మనసారా గౌరవిస్తాను. అమ్మకం పోతుందేమోనన్న బెంగ కన్నా పాదం మీద గౌరవం అతనికి ఎక్కువ.

కొత్తవాళ్లు దాదాపు అందరూ పెద్ద సైజే అడుగుతారు. చలికి దళసరి మేజోళ్లు వేసుకోవచ్చని, వేళ్లు ఇరుకు పడవని. నిజానికి హాకీ స్కేటు మామూలు బూటు కన్నా ఒకటి నుంచి ఒకటిన్నర సైజు చిన్నది కావాలి. నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు ముందు గోడను తాకీ తాకనట్టుండాలి. మోకాళ్లు వంచి ఆటకు దిగే భంగిమలోకి వస్తే మడమ వెనక్కి జారి కుదురుకుని, వేళ్లకు కాస్త చోటు దొరకాలి. లోతు చూడటానికి పనివాడి దగ్గర ఖరీదైన పరికరమేమీ లేదు, ఒక పెన్సిలు ఉంది. లేసులు కట్టకుండా బూటు నాలుకను ముందుకు లాగి, పైనుంచి మూడో జత కన్నాల దగ్గర పెన్సిలు అడ్డంగా పెడతాడు. అది రెండు అంచుల మీదా ఆనిందా, పాదానికి చోటు సరిపోయినట్టే. పాదం మీదే ఆగిందా, ఆ బూటు లోతు చాలదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, నిలబడేది సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు మీద. పాదం కాస్త పక్కకు వాలితే ఆ వాలు వెంటనే బ్లేడుకు చేరాలి. మధ్యలో వదులు ఉంటే కదలిక అక్కడే ఇంకిపోతుంది. మడమ లేస్తుంది, చీలమండలు లోపలికి ఒరుగుతాయి. ఆ ఒరుగుడును కాళ్ల బలహీనత అనుకుని చాలామంది లేసులు ఇంకా బిగించేస్తారు, రక్తం ఆడక పాదాలు మొద్దుబారిపోతాయి. చాలాసార్లు ఆ కాళ్లలో లోపమేమీ ఉండదు.

సైజు కుదిరాక ఓవెన్ వంతు. దాదాపు 80 డిగ్రీల సెల్సియస్ వేడిలో, మోడల్‌ను బట్టి కొన్ని నిమిషాలు. బయటికి తీసేసరికి గట్టి డొప్ప వేళ్లకు లొంగుతుంటుంది. పాదం దూర్చి, మడమను వెనక్కి తట్టి కుదిర్చి, లేసులు కట్టాలి. ఇక్కడ చెయ్యి తెలిసినవాడు లేసును పైకి గుంజడు, పక్కలకు లాగుతాడు. వేడి మీద ఉన్న కన్నాలు పైకి గుంజితే ఊడిరావచ్చు. తర్వాత పది, పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, లేచి నడవకూడదు. చల్లారేకొద్దీ డొప్ప చీలమండ చుట్టూ బిగుసుకుంటుంది. అప్పటికీ ఎముక ఎక్కడైనా ఒత్తుకుంటే, ఆ చోటు మాత్రం వేడిచేసి, ఒక వైపు గుండు మరో వైపు వలయం ఉన్న పటకారుతో లోపలి నుంచి నొక్కి ఉబ్బిస్తారు. చూడ్డానికి మోటు పని. కానీ ఎంత మేర, ఎంతసేపు, ఎక్కడ ఆపాలి అన్నది పూర్తిగా చేతి అనుభవం. ఓవెన్ పొడవును పెంచదు, తప్పు సైజును దిద్దలేదు. అందుకే మొదటి కొలతకు అంత విలువ.

ఇక సాన. నాకు ఎంత చూసినా తనివి తీరని పని ఇది. స్కేటు బ్లేడు కత్తిలా ఒకే పదును ఉన్నది కాదు. అడుగున నిలువునా సన్నటి గుంట, దాని రెండు పక్కలా రెండు అంచులు. ఆ గుంట రావడానికి ముందు సానచక్రం అంచును వజ్రపు మొనతో గుండ్రంగా చెక్కుతారు. అర అంగుళం వ్యాసార్థం, అంగుళంలో అయిదు ఎనిమిదో వంతులు, ఇలా ఆటగాడికి తగినట్టు. వ్యాసార్థం తగ్గితే గుంట లోతు పెరుగుతుంది, మంచును గట్టిగా పడుతుంది. పెరిగితే తేలిగ్గా జారుతుంది, ఆగడం సులువవుతుంది. లెక్కకట్టి చూస్తే, 3 మిల్లీమీటర్ల బ్లేడు మీద అర అంగుళం గుంట లోతు మిల్లీమీటరులో పదో వంతుకు కూడా రాదు, మామూలు రాతకాగితం మందం కన్నా తక్కువ. అర అంగుళానికీ అంగుళంలో అయిదు ఎనిమిదో వంతులకూ లోతులో తేడా సుమారు 0.02 మిల్లీమీటర్లు. అంత స్వల్ప తేడాను తొంభై కిలోల మనిషి మొదటి మలుపులోనే పాదాలతో పసిగడతాడు.

పనివాడు బ్లేడును పలక మీద పరిచి, చక్రం వెంట ఒకే ఒత్తిడితో, ఒకే వేగంతో జరుపుతాడు. రవ్వలు సమంగా ఎగరాలి, చప్పుడు ఎక్కడా తెగకూడదు. చక్రం బ్లేడు మధ్యకు వెంట్రుకవాసి తప్పినా ఒక అంచు ఎత్తుగా, రెండోది పల్లంగా వస్తుంది, ఆటగాడు ఒకవైపు తిరగలేకపోతాడు. అందుకే రెండు అంచుల మీదా చిన్న లోహపు పట్టీ అడ్డంగా పెట్టి, అది బ్లేడుకు లంబంగా నిలిచిందో లేదో కంటితో చూస్తారు. చివర్న అంచున లేచిన లోహపు నూగును నూనెరాయితో తీసేస్తారు. బ్లేడుకు మరో వంపు కూడా ఉంది. పక్కనుంచి చూస్తే మధ్యలో కాస్త ఉబ్బు. తొమ్మిది, పది, పదకొండు అడుగుల వ్యాసార్థమున్న వృత్తంలో ఒక చిన్న ముక్క అన్నమాట. తొందరపాటు చెయ్యి ముందు కొసనూ వెనక కొసనూ ఎక్కువ అరగదీసి ఆ వంపును పాడుచేస్తుంది, అది మళ్లీ రావాలంటే ఉక్కును మరింత కోల్పోవాలి. కొత్త స్కేట్లు సాధారణంగా సాన పట్టకుండానే వస్తాయి కాబట్టి, మొదటి సాన ఎవరు పడతారన్నది కొనేముందే ఆలోచించాల్సిన విషయం.

మిగతా సామగ్రి కొలతలు ఇంత సున్నితం కావు. మోకాలిచిప్ప మోకాటి తొడుగు గిన్నె మధ్యలో ఉండాలి. మోచేతి తొడుగుకూ చేతి తొడుగుకూ మధ్య చర్మం కనపడకూడదు. నిలబడి కాదు, వంగి కర్ర పట్టుకుని చూసుకోవాలి. హెల్మెట్ అంచు కనుబొమలకు ఒక వేలు పైన ఆగి, తల ఆడిస్తే జారకూడదు. కెనడాలో సీఎస్ఏ (అక్కడి ప్రమాణాల సంస్థ) ముద్ర లేని హాకీ హెల్మెట్ అమ్మకూడదు. మెడ పట్టీని పెద్దవాళ్లు చాలాకాలం పట్టించుకోలేదు. 2023 అక్టోబరులో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆట మధ్య మెడకు స్కేటు బ్లేడు తగిలి ఆటగాడు ఆడమ్ జాన్సన్ మరణించాక, కోతకు తట్టుకునే బట్టతో చేసినవి ఎంతోమంది వేసుకుంటున్నారు. నా దృష్టిలో సరదాగా ఆడేవాళ్లకు కూడా అది తప్పనిసరి.

కర్ర గురించి ఒక మాట. దాని మీద 85 అని ఉంటే, నిర్ణీత పొడవు మధ్య ఆ కర్రను ఒక అంగుళం వంచడానికి 85 పౌండ్ల బలం కావాలని. కర్ర వంగి, తిరిగి లేచినప్పుడే, కొట్టే రబ్బరు బిళ్ల అయిన పక్‌కు వేగం వస్తుంది. శరీర బరువును పౌండ్లలో తీసుకుని అందులో సగం దగ్గర మొదలుపెట్టమంటారు. పొట్టివాళ్లు కర్రను కోసుకోక తప్పదు, కోసినకొద్దీ అది బిరుసెక్కుతుంది. కాబట్టి ఎంత కోయాల్సి వస్తుందో ముందే చూసుకుని, ఆ మేరకు తక్కువ అంకె ఉన్నది ఎంచుకోవాలి.

ఖర్చు తగ్గించుకోవాలంటే చేతి తొడుగులు, మోకాటి తొడుగులు, ప్యాంటు ఎవరో వాడి వదిలినవి నిశ్చింతగా కొనవచ్చు. హెల్మెట్ మాత్రం కొత్తదే. మిగిలిన డబ్బు స్కేట్లకు, అందులోనూ ఖరీదైన మోడల్‌కు కన్నా ఓపికగా కొలిచే దుకాణానికి పెట్టాలి. వచ్చేముందు గుంట ఎంత పట్టారో అడిగి రాసుకోండి. మరోసారి వేరేచోట సాన పట్టించాల్సి వస్తే ముందు అడిగేది ఆ అంకే.