నురుగు గ్లాసు పాఠము

పవర్ ఫాక్టరును బోధించే పాఠములలో తరచుగా ఒక బీరు గ్లాసు బొమ్మ కనిపిస్తుంది. గ్లాసులోని పానీయము నిజముగా పని చేసే సామర్థ్యము, కొలత కిలోవాట్లు. పైనున్న నురుగు రియాక్టివ్ సామర్థ్యము; కొలత కిలోవార్లు. గ్లాసు మొత్తము దృశ్య సామర్థ్యము, అనగా వోల్టేజిని ప్రవాహముతో గుణించగా వచ్చే కిలోవోల్టు ఆంపియర్లు. పానీయమును మొత్తముతో భాగిస్తే పవర్ ఫాక్టరు. ఒకసారి చూచినవాడు మరువడు. చిక్కంతా అక్కడే ఉన్నది.

100 కిలోవోల్టు ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు ఒకటి 0.8 పవర్ ఫాక్టరుతో నిండుగా పని చేస్తున్నదనుకొందాము. కిలోవాట్లు 80. గ్లాసును నమ్మినవాడు నురుగు 20 అని లెక్కగట్టి, 20 కిలోవార్ల కెపాసిటరు తెచ్చి తగిలిస్తాడు. ఇక పవర్ ఫాక్టరు 1 కావలెను. మీటరు మాత్రము 0.89 చూపుతుంది! ఈ రెండు సామర్థ్యములు ఒకదానిపై ఒకటి పేర్చిన పొరలు కావు. లంబకోణ త్రిభుజపు భుజములు. దృశ్య సామర్థ్యము కర్ణము. 80 వర్గమునకు 60 వర్గమును కూడితే 100 వర్గము వస్తుంది. కాబట్టి అక్కడున్నది 20 కాదు, 60 కిలోవార్లు. అందులో 20 తీసివేసినా 40 మిగులుతుంది, కర్ణము 89.4 అవుతుంది. హైస్కూలులో నేర్చిన పైథాగరస్ సిద్ధాంతమును మరపింపజేసే బొమ్మను మంచి బొమ్మ అనవచ్చునా?

నురుగు అనగానే ఊదివేయదగినదనే భావము కలుగుతుంది (కాఫీ ప్రియులు ఒప్పుకొనరు గాని). రియాక్టివ్ సామర్థ్యము అట్టిది కాదు. అయస్కాంత క్షేత్రము లేనిదే ఇండక్షన్ మోటారు తిరగదు. 50 సైకిళ్ల సరఫరాలో ఆ క్షేత్రమునకు చెందిన శక్తి ప్రతి ఫేజులోను సెకనుకు 100 సార్లు వచ్చి, మరల వెనుకకు పోతుంది. అది ఖర్చు కాదు. కాని దానిని మోసే ప్రవాహము తీగలను నిజముగానే వేడి చేస్తుంది. 415 వోల్టుల మూడు ఫేజుల లైనులో పై ట్రాన్స్‌ఫార్మరు 139 ఆంపియర్లు ఇస్తున్నది. పవర్ ఫాక్టరు 1 అయితే అదే పనికి 111 చాలును. తీగలలో నష్టము 64 శాతమునకు దిగుతుంది.

ఈ లాభము ఎక్కడ? పంపుసెట్టు వద్ద కెపాసిటరు పెడితే మోటారు తీసికొనే ప్రవాహము తగ్గదు. కెపాసిటరు నుండి ట్రాన్స్‌ఫార్మరు వరకు గల లైనుకే ఊరట. గ్లాసు బొమ్మలో ఈ “ఎక్కడ” అనేదానికి చోటే లేదు. అందుకే ఇండ్లలో సగము బిల్లు తగ్గిస్తామంటూ చిన్న పెట్టెలు అమ్మేవారు ఆంపియర్ల ముల్లు పడిపోవుట చూపగలుగుతున్నారు. కిలోవాట్ గంటలు లెక్కించే మీటరుకు ఆ ముల్లుతో పని లేదు.

ఎల్.ఇ.డి. దీపములు, కంప్యూటర్ల వలన ప్రవాహపు తరంగరూపమే చెదిరే చోట ఈ త్రిభుజము కూడ చాలదు. కెపాసిటరు మందూ కాదు. అది పైతరగతి విషయము.

తొలి పాఠమునకు చోకుగల పాత ట్యూబులైటు, ఒక అమ్మీటరు, ఒక వాట్‌మీటరు చాలును. తగిన కెపాసిటరును సరఫరా తీగల మధ్య కలుపగానే ఆంపియర్లు తగ్గుట, వాట్లు దాదాపు కదలక నిలుచుట విద్యార్థి తన కంటితోనే చూస్తాడు.