ఆకును తిప్పి చూసే నేర్పు

పెరటి మొక్కకు వచ్చిన జబ్బును ఆకును బట్టి పోల్చుకోగలగడం తోటపనిలో మిక్కిలి గౌరవించదగిన నేర్పు, ఎందుకంటే తొలిచూపులో ఒకేలా కనిపించే ముడతల వెనుక వేర్వేరు కారణాలు దాగి ఉంటాయి. మిరప ఆకుల అంచులు పైకి ముడుచుకుని దోనెలా మారితే అది పై ముడత, అంటే ఆకును గీరి రసం పీల్చే, సుమారు 1 మిల్లీమీటరు పొడవుండే తామర పురుగుల పని. అంచులు కిందికి తిరిగి, కాడ సాగి, ఆకు ముదురాకుపచ్చగా మారితే అది కింది ముడత, దానికి కారణం తెల్లనల్లి, అది కీటకం కాదు, ఎనిమిది కాళ్లతో సాలీడుకు దగ్గరి బంధువైన సూక్ష్మప్రాణి. ఈ భేదం తెలిసినవారు నల్లికి గంధకం వాడతారే గాని కీటకనాశినిని వృథాగా చల్లరు. నేర్పరి ముందుగా ఆకు అడుగుభాగాన్ని పరిశీలిస్తాడు, చిగురును తెల్ల కాగితంపై తట్టి కదిలే చుక్కలను వెతుకుతాడు, కాండంపై చీమల బారు కనిపిస్తే పేనుబంకనో పిండినల్లినో అనుమానిస్తాడు, ఎందుకంటే అవి విసర్జించే తియ్యని బంక కోసమే చీమలు చేరతాయి. బెండ ఆకుల్లో ఈనెలు పసుపు వలలా తేలితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్ అనీ, ఆ మొక్కను పీకివేయడమే మార్గమనీ గ్రహిస్తాడు. అన్నిటికన్నా మెచ్చుకోదగినది అతని నిగ్రహం: పేనుబంక గుంపులో తిరిగే నల్లని, గరుకు ఒంటి పురుగు అక్షింతల పురుగు పిల్లదశ అనీ, అది పేనుబంకను తిని మొక్కను కాపాడుతుందనీ తెలిసి దాని జోలికి పోడు. మందు సీసా మూత తీసేముందు ప్రతి తోటమాలీ ఒక్కసారి ఆకును తిప్పి చూడాలి.