పెంపుడు జంతువుల ఆసుపత్రిలో హస్తవాసి

కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే ఆసుపత్రుల నామఫలకాల మీద ఒకప్పుడు ఒక్క వైద్యుని పేరే ఉండగా, హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలో ఇప్పుడు గుండె, కన్ను, చర్మం, దంతాలు, ఎముకలు అంటూ శాఖల పేర్లు వరుసగా కనిపిస్తున్నాయి. ఇవన్నీ మనుషుల ఆసుపత్రులను చూసి పెట్టుకున్న హంగులని కొందరు తేలికగా మాట్లాడుతుంటారు గానీ, ఈ విద్య లోతు తెలిసినవారెవరూ ఆ మాట అనరు. నొప్పి ఎక్కడుందో చెప్పలేని, చెప్పలేకపోవడమే కాక దాన్ని దాచుకునే స్వభావం కూడా ఉన్న ప్రాణి ఒంట్లో రోగాన్ని పట్టుకోవడానికి వేళ్లకూ, కంటికీ, చెవికీ ఏళ్ల తరబడి ఇచ్చుకున్న శిక్షణే ఈ శాఖలన్నింటికీ మూలధనం. యంత్రాలు తరువాత వచ్చి చేరినవే.

జంతువైద్యానికి మన దేశంలో ఆద్యులుగా గుర్రాలకు శాలిహోత్రుణ్ణి, ఏనుగులకు పాలకాప్యుణ్ణి చెప్పుకుంటారు. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణాల మీద గ్రంథమే రాశాడు. ఆధునిక పద్ధతిలో తొలి పశువైద్య విద్యాలయాన్ని క్లోద్ బూర్జెలా 1761లో ఫ్రాన్సులోని లియాన్‌లో నెలకొల్పగా, మద్రాసు పశువైద్య కళాశాల 1903లో వచ్చింది. అన్నిచోట్లా పెద్దపీట సైన్యానికీ సేద్యానికీ పనికివచ్చే జంతువులదే కాబట్టి, ఇంట్లో పెరిగే కుక్క, పిల్లి శాస్త్రం దృష్టికి సరిగా వచ్చేసరికి ఇరవయ్యో శతాబ్దం సగం గడిచిపోయింది. చరిత్ర ఇంతటితో చాలు, విద్య దగ్గరకు రావాలి.

జనరల్ మెడిసిన్ చూసే వైద్యుని పని కుక్క బల్ల ఎక్కకముందే మొదలవుతుంది. అది నడిచివచ్చే తీరు, ఊపిరి తీసేటప్పుడు పొట్ట కదిలే తీరు చూసుకుని, పెదవి పైకెత్తి చిగురును వేలితో నొక్కి వదిలి, రెండు సెకన్లలోపు ఎరుపు తిరిగి వస్తోందో లేదో గమనించి, దవడ కింద, భుజం ముందు, మోకాలి వెనుక ఉండే లింఫ్ గ్రంథులను తడిమి, రెండు అరచేతుల నడుమ పొట్టను మెల్లగా ఒత్తుతూ ప్లీహం ఉబ్బిందా, పేగులో ఏదైనా అడ్డుపడిందా అని వెతికే మంచి వైద్యుడు రక్తపరీక్ష ఫలితం చేతికందేలోగానే రోగాన్ని సగం పట్టేసి ఉంటాడు. తెలుగు ప్రాంతాలలో ఈ వైద్యునికి తరచుగా ఎదురయ్యేవి పిడుదులు, అంటే గోమార్లు, మోసుకొచ్చే జ్వరాలు. వాటిలో ఎర్లీకియా అనే సూక్ష్మజీవి తెల్లకణాలలో చేరి రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు పడిపోయేలా చేస్తే, బబేసియా అనే పరాన్నజీవి ఎర్రకణాలనే పగలగొడుతుంది. బబేసియాలలో మహామొండిదైన గిబ్సోనై రకాన్ని డబ్ల్యూ. ఎస్. పాటన్ 1910లో తొలిసారి వర్ణించింది మద్రాసు వేటకుక్కల రక్తంలోనే కాబట్టి, ఈ రోగాన్ని గుర్తించే విద్యలో దక్షిణాది వైద్యులకు ఒక విధమైన తొలి హక్కు ఉన్నట్టే. చెవి అంచు నుంచి తీసిన రక్తపుచుక్కను గాజుపలక మీద ఒక్క కదలికలో కొస పలచబడేలా సమంగా పరిచి, గీంసా రంగు వేసి, సూక్ష్మదర్శినిలో ఎర్రకణం లోపలి ఆ చిన్న జీవి కోసం ఓపికగా వెతకగల చెయ్యీ కన్నూ ఏ ఆసుపత్రిలో ఉన్నాయో ఆ ఆసుపత్రే గొప్పది, అక్కడి గోడలకు పాలరాయి ఉన్నా లేకపోయినా.

గుండెవైద్యానికి వస్తే మెచ్చుకోలుకు హద్దు పెట్టుకోవడం కష్టం. చివావా నుంచి గ్రేట్ డేన్ దాకా కుక్కల పరిమాణంలో ఉన్న తేడా వల్ల, ఎక్స్‌రేలో గుండె పెరిగిందో లేదో సెంటీమీటర్లలో చెప్పడానికి వీలుపడని చిక్కును పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ బ్యూకానన్ ఎంత అందంగా విప్పాడో చూడాలి. గుండె పొడవునూ వెడల్పునూ కొలిచి, ఆ రెండు కొలతలను అదే ఎక్స్‌రేలోని ఛాతీ వెన్నుపూసల మీద, నాలుగో పూస నుంచి మొదలుపెట్టి పరిచి, ఎన్ని పూసలయ్యాయో కూడమన్నాడు. ఆ మొత్తం చాలా జాతులలో పదిన్నర దాటకూడదు. అంటే ఏ కుక్కకు ఆ కుక్క వెన్నెముకే కొలబద్ద. 1995లో వెలువడిన ఈ పద్ధతికి పెద్ద ఖర్చేమీ లేదు, కావలసిందల్లా సరిగా తీసిన ఎక్స్‌రే, స్థిరమైన చూపు. పొమరేనియన్ వంటి చిన్నజాతి కుక్కలలో వయసు మీదపడ్డాక గుండెలోని మైట్రల్ కవాటం దళసరెక్కి రక్తం వెనక్కి కారడం మామూలు. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కళాశాలకు చెందిన ఏడ్రియన్ బాస్‌వుడ్ నాయకత్వంలో 360 కుక్కల మీద జరిగి 2016లో వెలువడిన ఎపిక్ అధ్యయనం, గుండె పెరిగినా ఇంకా ఆయాసం మొదలుకాని దశలో పిమోబెండాన్ అనే మందు ఇస్తే గుండె విఫలమయ్యే ఘడియ సుమారు 15 నెలలు వెనక్కి జరుగుతుందని తేల్చింది. గుండెచప్పుడులో మర్మరధ్వని, అంటే రక్తం కవాటం దగ్గర చేసే అదనపు శబ్దం, లక్షణాలేవీ లేని రోజునే స్టెతస్కోపుతో పసిగట్టే చెవి లేకపోతే ఆ 15 నెలలూ కుక్కకు దక్కవు.

అయితే ఈ రంగంలో శిఖరం జపానుకు చెందిన మసామీ ఉయెచీది. నిమ్మకాయంత గుండెను ఆపి, రక్తప్రసరణను యంత్రానికి అప్పగించి, ఎడమ కర్ణికను తెరిచి, తెగిపోయిన కవాట తంతువుల స్థానంలో కృత్రిమ దారాలు కుట్టి, వదులైన కవాటపు అంచును బిగించి, గుండెను మళ్లీ కొట్టుకునేలా చేయడం ఆయన చేసే పని. 2006, 2009 మధ్య ఇలా చేసిన 48 చిన్నజాతి కుక్కల వివరాలను ఆయన బృందం 2012లో ప్రచురించింది. అయిదు కిలోలైనా తూగని ప్రాణికి ఒంట్లో రక్తమే కొద్దిపాటిది కాగా, దాన్ని గొట్టాలలోకి మళ్లించి నడిపించడానికి ఎంతటి లెక్క, ఎంతటి నిబ్బరం కావాలో ఊహించినవారెవరైనా ఆ చేతులకు నమస్కరించక తప్పదు.

కంటి శాఖలో ఒక చిన్న ఆపరేషన్ చరిత్ర వైద్యుని వివేకమంటే ఏమిటో చూపిస్తుంది. కుక్కకు ఉండే మూడో కనురెప్ప గ్రంథి జారి ఎర్రటి గుండులా బయటికి ఉబికితే దాన్ని చెర్రీ ఐ అంటారు. కత్తిరించి పారేస్తే నిమిషాల్లో పని అయిపోతుంది, చూడడానికీ బాగుంటుంది. కానీ కన్నీటిలో గణనీయమైన భాగం ఆ గ్రంథే ఇస్తుంది కనుక, కత్తిరించిన కన్ను ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోయి, నల్లగుడ్డు మసకబారి, కొన్నిసార్లు చూపే పోతుంది. రియా మోర్గాన్ 1993లో తోటి పరిశోధకులతో కలిసి ప్రచురించిన పద్ధతిలో గ్రంథిని ముట్టుకోకుండా, దానికి అటూ ఇటూ పొరలో కోతలు పెట్టి చిన్న జేబు చేసి, గ్రంథిని అందులోకి నెట్టి పైన కుడతారు, రెండు చివరలా కన్నీరు బయటికి రావడానికి దారి వదులుతారు. ఎండిన కన్నును గుర్తించే షిర్మర్ పరీక్ష ఇంకా సులువైనది. కింది రెప్పలో ఉంచిన కాగితపు పట్టీ నిమిషంలో 15 మిల్లీమీటర్లు తడవకపోతే అనుమానించాలి. పగ్, షీట్జూ పెంచే ఇళ్లన్నీ ఈ పట్టీ పేరు తెలుసుకోవాలి.

ఎముకల శస్త్రచికిత్సలో బార్‌క్లే స్లోకమ్ ఆలోచన మరీ విచిత్రమైనది. మోకాలిలోని ముందరి క్రూసియేట్ లిగమెంట్ తెగి కుక్క కుంటుతుంటే, అంతకుముందటి వైద్యులు తెగినదాని బదులు మరోదాన్ని కట్టడానికి ప్రయత్నిస్తుండగా, ఆయన ఆ లిగమెంట్‌తో అవసరమే లేకుండా చేయడమెలాగని ఆలోచించాడు. కాలి ఎముక పైభాగం వెనక్కి వాలి ఉండడం వల్లనే తొడ ఎముక జారుతోంది కాబట్టి, వంపు తిరిగిన రంపంతో ఆ భాగాన్ని కోసి, వాలు అయిదు డిగ్రీల దగ్గరికి వచ్చేలా తిప్పి, ప్లేటుతో బిగించాడు. లాబ్రడార్ వంటి బరువైన కుక్కలు తిరిగి పరుగెత్తుతున్నాయంటే ఆ ఆలోచన చలవే. ఇంగ్లండులో నోయెల్ ఫిట్జ్‌పాట్రిక్ 2009లో, కోతయంత్రం కింద వెనుక పాదాలు రెండూ పోయిన ఆస్కర్ అనే పిల్లికి ఎముకలోనే లోహపు చీలలు దించి నడిపించిన సంగతి లోకమంతా చూసింది.

మన వీధికుక్కలలో విరివిగా కనిపించే ఒక కణితి గురించి కూడా చెప్పాలి. జతకట్టేటప్పుడు ఒక కుక్క నుంచి మరో కుక్కకు కేన్సరు కణాలే నేరుగా పాకే ఈ జబ్బులో, ఇప్పుడున్న కణితులన్నీ వేల ఏళ్ల కిందటి ఒకే కుక్క కణాల సంతతి. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వారానికొకటి చొప్పున కొన్ని వారాలు ఇస్తే చాలా కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి. కానీ మందు ఒక్క చుక్క నరం బయట పడినా చర్మం కుళ్లి ఊడుతుంది, కాబట్టి కరిచే కుక్క నరంలోకి సూదిని ఒక్కసారిలో దించగల వైద్యుని చేతిలోనే ఆ మందు అమృతం.

ఇన్ని శాఖలలోనూ అందరికంటే ఎక్కువ గౌరవం దక్కవలసినవారు, అందరికంటే తక్కువగా తలచుకోబడేవారు మత్తు డాక్టర్లు. కత్తి పట్టినవారికి పేరు వస్తుంది, ఊపిరి పట్టుకున్నవారి పేరు ఎవరూ అడగరు. పిల్లి స్వరపేటిక తాకితేనే బిగుసుకుంటుంది కనుక, దానిపై చుక్క మందు వేసి, అది తెరుచుకునే క్షణం కోసం ఆగి ఊపిరి గొట్టం దించాలి. పగ్ వంటి చప్పిముక్కు కుక్కకు ముందుగా ప్రాణవాయువు పట్టించి, ఆపరేషన్ అయ్యాక అది తానుగా మింగుతూ తల ఎత్తేదాకా గొట్టం తీయకూడదు. గ్రేహౌండ్ వంటి సన్నని జాతులకు కొన్ని పాత మత్తుమందులు గంటల తరబడి దిగవు. చిన్న ఒడలు నిమిషాల్లో చల్లబడతాయి. నిశ్వాసంలో బొగ్గుపులుసు వాయువు పీడనం 35, 45 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉండేలా, సగటు రక్తపోటు 60కి దిగకుండా కాపాడుతూ, మెలకువ వచ్చాక చెవుల వాలు, కళ్ల ముడత, మీసాల తీరు చూసి నొప్పిని అంచనా కట్టే విద్య ఇది. డేవిడ్ బ్రోడ్‌బెల్ట్ బ్రిటన్‌లో చేసిన పెద్ద అధ్యయనంలో మత్తు వల్ల కలిగిన మరణాలు కుక్కలలో 0.17 శాతం, పిల్లులలో 0.24 శాతం ఉన్నట్టు తేలింది. పిల్లులలో సగానికి పైగా మరణాలు ఆపరేషన్ ముగిశాకే, అందులోనూ ఎక్కువగా మొదటి మూడు గంటలలోనే జరిగాయి. అందరూ చేతులు కడుక్కుని వెళ్లిపోయే ఆ మూడు గంటలు మత్తు డాక్టరువి.

ఇంతటి విద్య పక్కనే సాగుతున్న కల్తీని చూస్తే కడుపు మండుతుంది. భారత పశువైద్య మండలి చట్టం 1984 నుంచి ఉన్నా, అయిదున్నరేళ్ల చదువు చదివి నమోదైనవారే వైద్యం చేయాలన్న నియమం ఉన్నా, కుక్కపిల్లలు అమ్మేవారే టీకాలు పొడిచి కార్డు మీద స్టిక్కరు అంటిస్తున్నారు. 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండవలసిన టీకా సంచిలో తిరిగి నీళ్లపాటి అవుతుంది, పదహారు వారాలు నిండాక పడవలసిన చివరి డోసు ఊసే ఉండదు, ఆ పిల్ల పార్వో వైరస్‌తో రక్తవిరేచనాలై చస్తే తప్పు యజమాని నుదుటిదవుతుంది. జ్వరమొచ్చిందని పిల్లికి పారాసిటమాల్ ఇమ్మనే మెడికల్ షాపు మనిషికి, ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదనీ, ఒక్క మాత్రతో రక్తం గోధుమరంగుకు తిరిగి ప్రాణం పోతుందనీ తెలియదు. దురదకు చర్మాన్ని గీకి పరీక్షించకుండా స్టెరాయిడ్ పొడిస్తే వారం పాటు హాయిగా ఉంటుంది, లోపల డెమోడెక్స్ పురుగు రెచ్చిపోయి ఒళ్లంతా బొబ్బలెక్కిస్తుంది. కోలీ జాతిలో చాలా కుక్కలకు ఐవర్‌మెక్టిన్ అనే మందు మెదడులోకి చొరబడే జన్యులోపం ఉందని 2001లోనే తేలినా, గోమార్లకు ఆ ఇంజెక్షన్‌ను అన్ని కుక్కలకూ ఒకేలా పొడిచేవారికి లోటు లేదు. గ్రూమింగ్ పార్లర్లలో మత్తు లేకుండా పళ్ల గార గీకడం మరో మోసం. పైకి పళ్లు తెల్లబడతాయి, రోగం ఉండే చిగురు కింది భాగాన్ని ఎవరూ ముట్టుకోరు. ఒక్క వైద్యుడే ఉన్నచోట సూపర్ స్పెషాలిటీ అని బోర్డు కట్టడం వీటన్నింటికీ మకుటం. మండల కేంద్రంలో పొద్దున గేదెకు పురుడు పోసి సాయంత్రం కుక్కకు కట్టుకట్టే ప్రభుత్వ వైద్యుడు తనకు చేతకానిదాన్ని పెద్ద ఆసుపత్రికి పంపడంలో చూపే నిజాయితీ ఈ బోర్డులకు లేకపోయింది.

తిరుపతి, రాజేంద్రనగర్ వంటి చోట్ల మన విశ్వవిద్యాలయాలలో మత్తువిద్యను శస్త్రచికిత్స, రేడియాలజీ విభాగంలో భాగంగానే బోధిస్తున్నారు. అమెరికాలో దీనికి ప్రత్యేక నిపుణుల మండలి 1975 నుంచే ఉంది. మన దగ్గర కూడా దీన్ని సొంత విభాగంగా, సొంత పోస్టులతో విడదీసి, హైదరాబాదు నారాయణగూడలోని సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల వంటి ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ నిపుణులకు శాశ్వత స్థానాలు కల్పించాలి. ప్రైవేటు ఆసుపత్రులు నామఫలకం మీద సర్జను పేరు పక్కనే మత్తు డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య రాయాలి. ఆ పని జరిగేలోగా, పెంపుడు జంతువును ఆపరేషన్‌కు అప్పగించే ప్రతి యజమానీ సంతకం పెట్టే ముందు మత్తు ఎవరు ఇస్తారు, ఆ తరువాతి మూడు గంటలు పక్కన ఎవరు కూర్చుంటారు అని అడిగి, ఆ పేర్లు కాగితం మీద రాయించుకోవాలి.