కళ్లెదుటే దాచే విద్య

కువైట్‌లో శుక్రవారం సెలవు. ఫర్వానియా, ఖైతాన్ గదుల్లో కబుర్లు పుస్తకాల మీదికి మళ్లితే, మా తరం వాళ్లు ముందు తలుచుకునేది కొమ్మూరి సాంబశివరావునే. ఆయన నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మాకు సొంత మనుషులు.

అపరాధ పరిశోధన నవల రాయడం గొప్ప పనితనం. హత్య, అనుమానితులు, హత్యకు కారణం, ఎలిబై, ఆధారాలు: సరుకు అందరికీ ఒకటే. నేర్పంతా ఆధారాన్ని పాఠకుడి కళ్లెదుటే పెట్టి, అతని చూపును పక్కకు తిప్పడంలో ఉంది.

ఉదాహరణకు ఈ కువైట్‌నే తీసుకోండి. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది. వేసవిలో వాన ఊసే ఉండదు. అలాంటి జూలైలో హతుడి గదిలో తాళాలు, చెప్పులు, తడిసిన గొడుగు, పాత పేపరు ఉన్నాయని రాస్తే గబగబా చదివేస్తాం. చివరి అధ్యాయంలో డిటెక్టివ్ అడుగుతాడు: "వాన లేని ఊళ్లో గొడుగెలా తడిసింది?" పేజీలు వెనక్కి తిప్పితే ఆ మాట అక్కడే ఉంటుంది. రచయిత మోసం చెయ్యలేదు.

హంతకుణ్ణి ఎవరైనా దాచగలరు. పాఠకుడి తెలివిని గౌరవిస్తూ, న్యాయంగా దాచిన ప్రతి రచయితకూ నా నమస్కారం.